సీడ్ పొర మీద పెరగవలసిన జింక్ ఆక్సైడ్ అంతా సీసా అడుగున పొడిగా దిగుతోంది

తెల్లపొడి
పరిశోధన రెండో సంవత్సరంలో ఉన్నాను. గాజుపలకల మీద జింక్ ఆక్సైడ్ నానోకడ్డీలను నిలువుగా పెంచడం నా పని. జింక్ నైట్రేట్ 25 మిల్లీమోలార్, హెక్సమిన్ 25 మిల్లీమోలార్ ఉన్న ద్రావణాన్ని 50 మిల్లీలీటర్లు సీసాలో పోసి, సీడ్ పొర (కడ్డీలు మొలవడానికి ముందుగా వేసే జింక్ ఆక్సైడ్ చిన్న రేణువుల పూత) వేసిన 2 సెంటీమీటర్ల చదరపు పలకను అడుగున ఉంచి, మూత బిగించి, 90 డిగ్రీల ఓవెన్‌లో నాలుగు గంటలు పెడుతున్నాను. సీడ్ పొర కోసం ఇథనాల్‌లో కరిగించిన జింక్ అసిటేట్‌ను పలక మీద చుక్కగా వేసి కడగడం అయిదుసార్లు చేసి, ఆ తరువాత 350 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు కాలుస్తున్నాను. గంట గడిచేసరికి ద్రావణం పాలలా మారుతుంది. చివరకు అడుగున మందంగా తెల్లటి పొడి దిగుతుంది. పలక మీద కడ్డీలు వస్తున్నాయి గాని ఒక మైక్రాన్ పొడవు దాటడం లేదు, పైగా అక్కడక్కడా గుండ్రటి బోడి మచ్చలు కనిపిస్తున్నాయి. రసాయనాలు రెండుసార్లు మార్చాను, నీళ్ళు కూడా మార్చాను. లోపం ఎక్కడ ఉందో చెప్పగలరా?

పాకంపట్టు
పలకలో సీడ్ పొర ఉన్న ముఖం పైకి ఉందా, కిందికి ఉందా? అది చెప్పకుండా మిగతావన్నీ చెప్పారు.

తెల్లపొడి
పైకి ఉంది. దానివల్ల తేడా వస్తుందని అనుకోలేదు.

పాకంపట్టు
చాలా తేడా వస్తుంది. ద్రావణంలో పుట్టిన పొడి కిందికి దిగుతూ మీ పలక మీదనే కూర్చుంటుంది, కూర్చున్న చోట కింది కడ్డీలకు జింక్ అందదు. ముఖం కిందికి ఉండేటట్లు, కొంచెం వాలుగా, సీసా గోడకు ఆనించి పెట్టండి. పూర్తిగా అడ్డంగా బోర్లిస్తే మరో చిక్కు ఉంది: నీటిలో కరిగి ఉన్న గాలి వేడికి బుడగలుగా వచ్చి పలక కింద చిక్కుకుంటుంది, బుడగ ఉన్నంతమేర ఏమీ పెరగదు.

లెక్కలపంతులు
ముఖం సంగతి సరే గాని, అసలు లోపం ఉందా అన్నది ముందు చూద్దాం. 50 మిల్లీలీటర్లలో 25 మిల్లీమోలార్ అంటే 1.25 మిల్లీమోళ్ళ జింక్. జింక్ ఆక్సైడ్ మోలార్ ద్రవ్యరాశి 81.4 కాబట్టి అదంతా ఆక్సైడ్‌గా మారితే సుమారు 100 మిల్లీగ్రాములు వస్తుంది. మీ పలక వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లు. దాని మీద కడ్డీల మధ్య ఖాళీయే లేదనుకుని ఒక మైక్రాన్ మందం వేసినా, సాంద్రత 5.6 చొప్పున, 2.2 మిల్లీగ్రాములు మాత్రమే అవుతుంది. అంటే నూరుపాళ్ళలో రెండు పాళ్ళు పలకకు చాలు. మిగిలిన తొంభై ఎనిమిది పాళ్ళు ఎక్కడికి పోవాలనుకుంటున్నారు?

తెల్లపొడి
ఈ లెక్క నేను ఎన్నడూ వేయలేదు. ప్రచురణల్లో అందరూ 25 మిల్లీమోలార్ అని రాశారు కాబట్టి నేనూ అదే తీసుకున్నాను.

పలుగురాయి
లెక్కలపంతులు గారి మాటకు కొనసాగింపుగా, నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం చూసిన పని గురించి చెబుతాను. మాది గూడూరు వైపు. అభ్రకం గనుల పక్కన తెల్లటి పలుగురాళ్ళను కుప్పలుగా పోసి ఉంచడం చిన్నప్పటినుంచీ చూశాను. అది కూడా నీటిశాతం ఎక్కువగా ఉన్న శిలాద్రవపు చివరి అంశ నుంచి చాలా నిదానంగా పెరిగిన సిలికాన్ ఆక్సైడే, అంటే సిలికాయే. తరువాత అదే పదార్థాన్ని ఉక్కు ఆటోక్లేవ్‌లో (ఎక్కువ ఒత్తిడి తట్టుకునే మూతపాత్రలో) పెంచే పని నా చేతికి వచ్చింది.

సిలికాను కరిగించి చల్లబరిచి స్ఫటికంగా మార్చడం కుదరదు, ఎందుకంటే 1,700 డిగ్రీల దరిదాపుల్లో కరిగిన సిలికా చల్లబడితే గాజు అవుతుంది. పైగా 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్, అంటే పలుగురాయి, ఒక రూపం నుంచి మరో రూపానికి మారుతుంది కాబట్టి, మనకు కావలసిన రూపం దక్కాలంటే ఆ వేడికి తక్కువలోనే పెంచాలి. అందుకని సోడియం హైడ్రాక్సైడో సోడియం కార్బొనేటో కలిపిన నీటిని వెయ్యి వాతావరణాలు దాటిన ఒత్తిడిలో వాడతారు. అడుగున 400 డిగ్రీల దగ్గర పలుగురాతి ముక్కలు కరుగుతాయి, పైన కొన్ని పదుల డిగ్రీలు తక్కువగా ఉన్న చోట వేలాడదీసిన సీడ్ పలకల మీద అదే సిలికా పేరుకుంటుంది. మధ్యలో రంధ్రాలున్న అడ్డుపలక ఒకటి ఉంటుంది. రోజుకు ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప. ఒక్కో దఫాకు వారాలు, నెలలు పడుతుంది.

తొందరపడి పైకీ కిందికీ వేడి తేడా పెంచిన రోజున ఏం జరిగేదంటే, సీడ్ పలక మీద పెరుగుదల గరుకుగా, పగుళ్ళతో వచ్చేది, ఆటోక్లేవ్ గోడలకు ఎవరూ అడగని చిన్న స్ఫటికాలు అంటుకునేవి. తెల్లపొడి గారి సీసాలో నాలుగు గంటల్లో జరుగుతున్నది మా దగ్గర నలభై రోజుల తరువాత బయటపడేది, అంతే తేడా. ఆ తప్పు నేనే ఒకసారి చేశాను, మూత తీసిన నాడు పై అధికారి ముఖం చూడలేకపోయాను.

చిలిపిచెంచా
కలకండ పెంచడానికి దారం వేలాడదీసి, దారం మీద గాకుండా గిన్నె గోడలకు పంచదార గడ్డకట్టించిన మా మేనత్తకు ఈ చర్చ చదివి వినిపించాను. "పాకం ముదిరి ఉంటుంది" అన్నది, పరిశోధన పూర్తయింది.

లెక్కలపంతులు
మీ మేనత్త గారు చెప్పింది అక్షరాలా నిజం. అతిసంతృప్త ద్రావణంలో, అంటే మామూలుగా కరగగలిగినదానికంటే ఎక్కువ కరిగి ఉన్న ద్రావణంలో, రెండు మండలాలు ఉంటాయి. తక్కువ అతిసంతృప్తత ఉన్న మండలంలో అప్పటికే ఉన్న స్ఫటికం పెరుగుతుంది గాని కొత్తది పుట్టదు. ఆ హద్దు దాటితే ద్రావణమంతటా కొత్త బీజాలు పుడతాయి. దీనికి కారణం ఏమిటంటే, చిన్న బీజానికి ఉపరితలం కోసం పెట్టే ఖర్చు ఎక్కువ, ఘనపరిమాణం నుంచి వచ్చే లాభం తక్కువ. ఆ అడ్డంకి ఎత్తు ఉపరితల శక్తి ఘనానికి అనులోమంగానూ, అతిసంతృప్తత వల్ల కలిగే చోదకశక్తి వర్గానికి విలోమంగానూ ఉంటుంది. బీజాలు పుట్టే రేటు ఆ ఎత్తు మీద ఘాతాంకంగా ఆధారపడుతుంది కాబట్టి, హద్దు దగ్గర గాఢతను కొంచెం పెంచినా పొడి ఒక్కసారిగా కుప్పకూలినట్లు వస్తుంది. సీడ్ పొర మీద ఆ అడ్డంకి దాదాపు లేదు, అందుకే సీడ్ వేసే శ్రమ పడుతున్నాం.

మూసకాపరి
ద్రావణం అనగానే అందరూ నీళ్ళనే తలుచుకుంటున్నారు. ఆక్సైడ్ స్ఫటికాల్లో చాలా ముఖ్యమైనవి ఎర్రగా కాలే ద్రావణాల నుంచి వచ్చాయి. బేరియం టైటనేట్‌ను తీసుకోండి. అది 1,600 డిగ్రీలు దాటాక కరుగుతుంది, కాని 1,460 డిగ్రీలకు పైన దాని నిర్మాణం షడ్భుజీయం. మనకు కావలసిన ఫెర్రోఎలక్ట్రిక్ (తనంతట విద్యుత్ ధ్రువణం ఉండే) రూపం ఆ దారిలో రాదు కాబట్టి ఆ వేడి కంటే కిందనే పెంచాలి. 1954లో రెమైకా అనే శాస్త్రవేత్త పొటాషియం ఫ్లోరైడ్‌ను ఫ్లక్స్‌గా (వేడికి కరిగి ద్రావణిగా పనిచేసే పదార్థంగా) వాడి సీతాకోకచిలుక రెక్కల్లాంటి జంట స్ఫటికాలను తీసుకువచ్చాడు. పలుగురాయి గారి 573 డిగ్రీల కథ, ఈ 1,460 డిగ్రీల కథ ఒక్కటే.

నా సొంత పని ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్ అనే అతివాహకం మీద. ఆ పదార్థం 1,000 డిగ్రీలు దాటి కొద్దిగా పోగానే సూటిగా కరగకుండా, ఇట్రియం ఎక్కువగా ఉన్న ఒక ఆకుపచ్చ ఘనపదార్థంగానూ ఒక ద్రవంగానూ విడిపోతుంది. అందువల్ల బేరియం, కాపర్ ఆక్సైడ్‌లు ఎక్కువగా ఉన్న ఫ్లక్స్‌లో కరిగించి, గంటకు ఒక డిగ్రీ కంటే తక్కువగా చల్లబరుస్తూ పెంచాలి. ఆ ఫ్లక్స్ ఎంత ఆకలిగా ఉంటుందంటే, అల్యూమినా మూసలో పెడితే మూసనే తింటుంది, ఆ అల్యూమినియం స్ఫటికంలో రాగి ఉండవలసిన చోట్లలో చేరిపోతుంది. అందుకనే 1990లలో జెనీవాలో బేరియం జిర్కొనేట్ మూసలు తయారుచేసిన తరువాత గాని నిజంగా శుద్ధమైన స్ఫటికాలు రాలేదు. మీరు సీసా అడుగున పొడి చూసి బాధపడుతున్నారు. నేను ఒక ఉదయం కొలిమి తెరిచేసరికి మూస గోడ ఎక్కి బయటికి పాకిన ఫ్లక్స్ కొలిమి ఇటుకలను పట్టుకుని ఉంది, లోపల స్ఫటికాలు లేవు, ద్రావణమూ లేదు.

చిలిపిచెంచా
మూసకాపరి గారికి ఆ రోజు కాపరి ఎవరూ లేనట్లున్నారు.

మూసకాపరి
ఆ రాత్రి కాపలా నా వంతే. నిద్రపోయాను.

మెట్టుమీదమెట్టు
లెక్కలపంతులు గారి చిత్రం సరైనదే గాని పూర్తి కాదు. కొత్త స్ఫటికం పుట్టడానికి అడ్డంకి ఉన్నట్లే, నునుపుగా ఉన్న ముఖం మీద కొత్త పొర మొదలు కావడానికి కూడా అడ్డంకి ఉంది. పాత సిద్ధాంతం ప్రకారం అందుకు పాతిక శాతం, అంతకు మించి అతిసంతృప్తత కావాలి, కాని నిజ స్ఫటికాలు ఒక శాతం దగ్గరే పెరుగుతున్నట్లు ప్రయోగాల్లో కనిపించింది. 1949లో బ్రిస్టల్‌లో ఫ్రాంక్ అనే భౌతికశాస్త్రవేత్త ఈ చిక్కుముడి విప్పాడు. స్ఫటికంలో మర మెలికలాంటి లోపం ఒకటి ఉంటే ముఖం మీద ఎన్నటికీ తరగని మెట్టు ఒకటి ఉంటుంది, అణువులు ఆ మెట్టుకు అతుక్కుంటూ పోతే అది సుడి తిరుగుతూ పైకి లేస్తుందే గాని అంతం కాదు. కాబట్టి తక్కువ అతిసంతృప్తతలో పెరుగుదల ఆగిపోతుందన్న భయంతో గాఢత పెంచడం అనవసరం. జింక్ ఆక్సైడ్ కడ్డీల్లో కూడా ఈ మెలికలను చూపించారు.

లెక్కలపంతులు
అంగీకరిస్తున్నాను. నేను బీజాల సంగతి మాత్రమే రాశాను.

గులకరాయి
స్ఫటికం అణువు వెంట అణువుగానే పెరుగుతుందని అందరూ ఎందుకు అనుకుంటున్నారు? 1998లో పెన్, బాన్‌ఫీల్డ్ అనే పరిశోధకులు టైటానియం ఆక్సైడ్ మీద చూపించినది వేరు: కొన్ని నానోమీటర్ల అనటేస్ (టైటానియం ఆక్సైడ్‌లో ఒక రూపం) రేణువులు ద్రావణంలో తిరుగుతూ, ముఖాలు సరిగ్గా కుదిరినప్పుడు ఒకదానికొకటి అతుక్కుని ఒకే స్ఫటికమవుతాయి. అతికేటప్పుడు కొంచెం పక్కకు జరిగితే ఆ అతుకులోనే లోపం పుడుతుంది. ఫ్రాంక్ చెప్పిన మెలికలు కొన్ని అలాగే వస్తాయి.

మెట్టుమీదమెట్టు
అది నిజమే, కాని తెల్లపొడి గారి సీడ్ పొర మీద పెరిగే కడ్డీలకు ఆ దారి అంతగా వర్తించదు. పాలలా మారిన ద్రావణంలోని రేణువులు పలక మీదికి వచ్చి ముఖాలు కుదుర్చుకుని అతికితే ఆయన ఇంత ఫిర్యాదు చేయవలసిన అవసరమే ఉండేది కాదు.

గులకరాయి
పలక మీద అతకకపోవచ్చు, అడుగున దిగిన పొడిలో మాత్రం అదే జరుగుతూ ఉండవచ్చు. ఆ పొడిని పారేయకుండా ఒకసారి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టమంటాను.

నిమ్మచెక్క
హెక్సమిన్ మాట ఎవరూ ఎత్తలేదు. అది కడ్డీల పక్క ముఖాలకు అతుక్కుని వాటిని పెరగనివ్వదు, అందుకే కడ్డీలు పొడవుగా వస్తాయని మాకు చెప్పారు. అలాంటప్పుడు హెక్సమిన్ పెంచితే కడ్డీలు పొడవు కావాలి కదా.

పాకంపట్టు
ఆ వివరణతో నేను ఏకీభవించను. హెక్సమిన్ వేడినీటిలో నిదానంగా విడిపోయి ఫార్మాల్డిహైడ్, అమ్మోనియా ఇస్తుంది, అమ్మోనియా నీటితో కలిసి హైడ్రాక్సైడ్ అయాన్లను కొద్దికొద్దిగా వదులుతుంది, దాని అసలు పని ఆ నిదానమే. అదే ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ ఒక్కసారిగా పోసి చూడండి, క్షణంలో పెరుగులా విరుగుతుంది. కడ్డీ పొడవుగా రావడానికి స్ఫటికపు గుణమే చాలు: జింక్ ఆక్సైడ్‌లో సి అక్షం (కడ్డీ పొడవు దిశ) వెంట ఒక కొస జింక్ ముఖం, మరో కొస ఆక్సిజన్ ముఖం కాబట్టి ఆ దిశ ధ్రువీయం, అస్థిరం, అందుకే అటువైపు త్వరగా పెరుగుతుంది.

నిమ్మచెక్క
అయితే ముఖాలకు అతుక్కుని ఆపే పదార్థాలే లేవంటారా?

పాకంపట్టు
ఉన్నాయి, మీ పేరులోనే ఉంది. జింక్ ఆక్సైడ్ ద్రావణంలో సిట్రేట్ వేస్తే అది సి అక్షపు కొస ముఖాన్ని పట్టుకుని నిలువు పెరుగుదలను అడ్డుకుంటుంది, అప్పుడు కడ్డీల బదులు బిళ్ళలు వస్తాయి. జిలేబి పాకంలో నిమ్మరసం పిండడం వేరే కథ, అక్కడ ఆమ్లం పంచదారను విడగొట్టి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ చేస్తుంది, అవి పంచదార గడ్డకట్టకుండా అడ్డుపడతాయి. రెండింటిలోనూ నిమ్మ ఉంది, పని మాత్రం ఒకటి కాదు.

చిలిపిచెంచా
ఈసారి మేనత్తను ముందే అడిగి వస్తాను.

పలుగురాయి
తెల్లపొడి గారి గుండ్రటి మచ్చల సంగతి మరిచిపోయాం. పలక ముఖం పైకి ఉన్నా సరే, పలక ఉపరితలానికి చిన్న బుడగలు అంటుకుని ఉండిపోతాయి. నీటిని ముందు మరిగించి చల్లార్చి వాడితే కరిగిన గాలి చాలావరకు పోతుంది. మచ్చలు అచ్చంగా గుండ్రంగా ఉన్నాయంటే రసాయనాన్ని అనుమానించవలసిన పని లేదు.

అమ్మోనియాఘాటు
పొడి తగ్గాలంటే ద్రావణంలో అమ్మోనియా కూడా కలపండి. మొదట తెల్లగా విరిగి, మరికొంత పోస్తే మళ్ళీ స్వచ్ఛమవుతుంది, ఎందుకంటే జింక్ అమ్మోనియాతో సంక్లిష్ట అయాన్‌గా కట్టుబడుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ బంధం సడలి జింక్ ఆక్సైడ్ ద్రావణీయత తగ్గుతుంది, అంటే వేడే నెమ్మదిగా అతిసంతృప్తతను తెస్తుంది. పలుగురాయి గారి క్వార్ట్జ్‌కు ఇది తలకిందులు, అక్కడ వేడి ఎక్కువ ఉన్న చోట కరుగుతుంది. మూత మాత్రం గట్టిగా ఉండాలి, లేకపోతే అమ్మోనియా పోయి మళ్ళీ పొడి దిగుతుంది. మరీ ఎక్కువ పోస్తే సీడ్ పొరే కరిగిపోతుంది, అది నాకు రెండు నెలలు తెలియలేదు.

మూసకాపరి
నిద్రపోయినవాణ్ణి నేనొక్కణ్ణే కాదన్నమాట.

పలుగురాయి
అమ్మోనియాఘాటు గారు తలకిందులు అన్నారు కాబట్టి ఒక పాత ఉదంతం గుర్తుకు వచ్చింది. గత శతాబ్దం తొలి ఏళ్ళలో టూరిన్‌లో స్పెజియా అనే శాస్త్రవేత్త క్వార్ట్జ్‌ను సీడ్ మీద పెంచినప్పుడు వేడి భాగాన్ని పైన, చల్లటి భాగాన్ని కింద పెట్టాడు. వేడి నీరు తేలిక కాబట్టి పైనే ఉండిపోయింది, ద్రావణం తిరగలేదు, పెరుగుదలకు నెలలకు నెలలు పట్టింది. తరువాతివాళ్ళు వేడిని కిందికి తెచ్చి ప్రవాహం పుట్టించారు. తెల్లపొడి గారూ, మీ ఓవెన్‌లో సీసా ఎటునుంచి వేడెక్కుతోంది?

తెల్లపొడి
ఓవెన్ ఇనుప అర మీద నేరుగా పెడుతున్నాను, అర చేతితో ముట్టుకోలేనంత వేడిగా ఉంటుంది. అంటే నా పలక ఉన్న అడుగే అన్నిటికంటే వేడి, అక్కడే హెక్సమిన్ త్వరగా విడిపోతోంది, అక్కడే పొడి పుడుతోంది అని ఇప్పుడు అర్థమవుతోంది.

లెక్కలపంతులు
గాఢత 10 మిల్లీమోలార్‌కు దించండి. మొత్తం 41 మిల్లీగ్రాములు అవుతుంది, అది కూడా మీ పలకకు కావలసినదానికి ఎన్నో రెట్లు. ఒకేసారి నాలుగు గంటలు పెట్టే బదులు రెండు గంటలకొకసారి తాజా ద్రావణంలోకి మార్చండి.

తెల్లపొడి
తొమ్మిది రోజుల తరువాత వస్తున్నాను. నీటిని మరిగించి చల్లార్చాను, గాఢత 10 మిల్లీమోలార్ చేశాను, పలకను ముఖం కిందికి ఉండేటట్లు వాలుగా ఆనించాను, ఓవెన్ మాని నీటితొట్టెలో సీసాను మెడ వరకు ముంచాను, రెండు గంటల చొప్పున మూడుసార్లు ద్రావణం మార్చాను. పొడి పూర్తిగా పోలేదు, సీసా అడుగున పలుచటి పొర ఉంది, కాని ద్రావణం చివరి వరకు పాలలా మారలేదు. బోడి మచ్చలు ఒక్కటీ లేవు. కడ్డీలు రెండున్నర మైక్రాన్లు వచ్చాయి, కొసలు చక్కటి షడ్భుజాలు. గులకరాయి గారు చెప్పినట్లు పాత పొడిని కూడా చూశాను, అందులో రెండు కడ్డీలు అడుగులు కలుపుకుని జంటగా ఉన్నవి చాలా కనిపించాయి, అవి అతికినవో అలాగే పుట్టినవో చెప్పలేను. ఒక విషయం మాత్రం అర్థం కాలేదు: పలక మధ్యలో కంటే అంచుల దగ్గర కడ్డీలు ఎప్పుడూ పొడవుగా ఉంటున్నాయి.

మెట్టుమీదమెట్టు
మధ్యలో ఉన్న కడ్డీకి చుట్టూ పోటీ ఉంది, అంచున ఉన్నదానికి ఒక పక్క ఎవరూ లేరు కాబట్టి అటువైపు ద్రావణం నుంచి వచ్చే జింక్ అంతా దానిదే. కడ్డీలు పలుచగా ఉన్న చోట కూడా ఇలాగే పొడవుగా వస్తాయి.

తెల్లపొడి
అలాగైతే సీడ్ పొర చుక్కలను అయిదు నుంచి రెండుకు తగ్గించి చూస్తాను.

పాకంపట్టు
రెండుకు తగ్గిస్తే పక్కన ఆసరా లేక కడ్డీలు తలో దిక్కుకు వాలతాయి. మూడు దగ్గర ఆగండి.